గాలిని మూసిన గడియారం, గాలిని తూచిన గడియారం

కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతంలో గాలికి కూడ ఉప్పదనం కలదు. మచిలీపట్నంలోను, దివిసీమలోను ఇనుప వస్తువులు త్వరగా త్రుప్పు పట్టుతవి. గుడివాడ పరిసరాల వరిచేలు నీటితో నిండియుండే నెలలలో చెమ్మ ఇండ్లలోనికే వస్తుంది. ఇటువంటి చోట చేతిగడియారం ఏండ్ల తరబడి సరిగా నడవడం సామాన్య విషయం కాదు. పాతకాలపు అరుదైన గడియారాలలో కనిపించే వింత ఏర్పాట్లు చాలవరకు అలంకారం కోసం పుట్టినవి కావు. ఏదో ఒక చిక్కును విడదీయడానికి పుట్టినవి.

కీ ఇచ్చే గడియారానికి గుండెకాయ వంటిది బాలెన్స్ చక్రం. వెంట్రుకవలె సన్నని స్ప్రింగు ఒకటి దానిని అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. పాత గడియారాలలో అనేకం గంటకు 18,000 ఊపులు, అనగా రోజుకు 4,32,000 ఊపులు ఊగేవి. ఇందులో 300 ఊపులు తగ్గితే చాలు, గడియారం ఒక నిమిషం వెనుకబడుతుంది. ఉక్కు స్ప్రింగుకు కాస్త త్రుప్పు పట్టినా ఈ లెక్క తప్పుతుంది.

మూత బిగించిన గడియారంలోనికి చెమ్మ ఎట్లు పోతుంది? పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సందులగుండా కొంత వెలుపలికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపలి గాలి సంకోచించి, బయటి తేమగాలిని లోనికి పీల్చుకొంటుంది. ఈ విధంగా గడియారం ప్రతిరోజూ ఊపిరి తీస్తుందన్నమాట. ఉదయం అద్దం లోపల కనిపించే ఆవిరి దాని ఫలితమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) సైనికులకు జేబుగడియారం తీసి చూచుకొనే తీరిక లేకపోయినది. అప్పుడు చేతిగడియారానికి ప్రాముఖ్యం వచ్చినది. అద్దం పగలకుండ పైన లోహపు జాలీలు అమర్చేవారు. కాని దుమ్మును, నీటిని అవి ఆపలేవు. 1926లో రోలెక్స్ సంస్థ 'ఆయిస్టర్' అను గడియారాన్ని తెచ్చినది. దాని వెనుకమూతను, కీ ఇచ్చే బుడిపెను మరచుట్లతో బిగించేవారు. ఆయిస్టర్ అనగా ముత్యపుచిప్ప. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అను ఈతగత్తె ఆ గడియారాన్ని మెడలో వేసుకొని ఇంగ్లీషు ఛానలులో దిగినది. చలికి ఆమె ఈత పూర్తికాలేదు. గడియారం మాత్రం పది గంటలకు పైగా నీటిలో ఉండికూడ ఆగలేదు.

మరొక చిక్కు మనదేశంలోనే ఎదురైనది. పోలో ఆడే బ్రిటిషు సైనికాధికారుల గడియారపు అద్దాలు దెబ్బలకు పగిలిపోయేవి. దీనికి విరుగుడుగా 1931లో 'రివర్సో' గడియారం రూపొందినది. దాని పెట్టెను ప్రక్కకు జరిపి తిరగవేస్తే అద్దం లోపలికి, లోహపు వీపు పైకి వచ్చేవి.

చెమట మరొక శత్రువు. మచిలీపట్నానికి చేరియున్న చిలకలపూడి గిల్టు నగలకు ప్రసిద్ధి. చవక లోహంపై పలుచని బంగారు పొర వేయడం ఆ నగల రహస్యం. పాత గడియారాల పసిడి వన్నె కూడ అనేక సందర్భాలలో ఇటువంటి పూతయే. ఉప్పుచెమటకు పూత అరిగిపోతుంది గనుక, చర్మానికి తగిలే వెనుకమూతను మాత్రం త్రుప్పుపట్టని ఉక్కుతో చేసేవారు.

ఇవన్నీ గాలిని, నీటిని, దెబ్బను దూరముంచే ఉపాయాలు. 1962లో ఫావ్ర్-లూబా సంస్థ దీనికి భిన్నమైన పని చేసినది. 19వ శతాబ్దం నుండే బొంబాయిలో వ్యాపారం సాగించిన స్విస్ సంస్థ ఇది. పర్వతారోహకుల కోసం అది తయారుచేసిన 'బివోవాక్' గడియారంలో అనార్ద్ర భారమితి, అనగా పాదరసం లేని భారమితి ఉన్నది. గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ దానిలోని ముఖ్యభాగం. బయటి పీడనం తగ్గితే డబ్బీ ఉబ్బుతుంది. ఆ స్వల్పమైన కదలికను ఒక ముల్లు పెద్దదిగా చూపుతుంది. కొండ ఎక్కేకొద్దీ పీడనం తగ్గుతుంది గనుక ఎత్తు తెలుస్తుంది.

కొండలులేని దివిసీమలో ఈ గడియారం ఏమి చూపుతుంది? సముద్రమట్టంలో సాధారణ పీడనం సుమారు 1013 మిల్లీబార్లు. తీవ్రమైన తుపాను వచ్చి అది 50 మిల్లీబార్లు పడిపోయినదనుకొందాం. సమతలంపై కదలక నిలుచున్న మనిషి 400 మీటర్లకు పైగా కొండ ఎక్కినట్లు ముల్లు చూపుతుంది! ఆ లేని కొండయే ముంచుకువచ్చే ప్రమాదానికి గుర్తు.

ఆ ప్రమాదం ఎంతటిదో ఈ తీరానికి తెలుసు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతాన సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు.

అయితే ఒక్క ముల్లును నమ్మి తుపానును నిర్ణయించరాదు. మన ఉష్ణమండలంలో మామూలు రోజులలో కూడ పీడనం ఉదయం పది గంటల ప్రాంతంలో హెచ్చి, సాయంకాలం నాలుగు గంటలకు కొన్ని మిల్లీబార్లు తగ్గుతుంది. పైగా ముల్లు బాగా పడిపోయే వేళకు తుపాను దాదాపు తలుపు తట్టుతూ ఉంటుంది. అందుచేతనే అనేక కేంద్రాల కొలతలను ఒకచోట చేర్చడం అవసరమైనది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. దివిసీమ ఉప్పెన తరువాతి కాలంలో మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడారు నెలకొల్పబడినది.

ఇంటిలో తాతగారి గడియారం ఉంటే, దాని వెనుకమూత నొక్కి పెట్టినదా, మరచుట్లతో బిగించినదా పరిశీలించండి. చీకటిలో మెరిసేందుకు ముల్లులకు రంగు పూసిన పాత గడియారాన్ని మాత్రం విప్పరాదు. ఆ రంగులో రేడియం ఉండవచ్చును. మెరుపు ఆరిపోయినా, 1,600 సంవత్సరాలకుగాని దానిలో సగం తరగదు.