జలాంతర్గామి ఆటలో కనపడని మనుషులు

2005లో సైలెంట్ హంటర్ 3 అని ఒక కంప్యూటర్ ఆట వచ్చింది. అందులో మనమే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ జలాంతర్గామికి కెప్టెన్. నావికులు అలసిపోతే విశ్రాంతి ఇవ్వాలి, బాగా చేస్తే పతకం ఇవ్వాలి. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. అది అబద్ధమేం కాదు. ఆ జలాంతర్గాముల్లో వెళ్ళిన సుమారు 40 వేల మందిలో దాదాపు 30 వేల మంది తిరిగి రాలేదు.

కానీ వాళ్ళు పోరాడింది హిట్లర్ కోసమన్న సంగతి ఆటలో పక్కకి పోతుంది. ఓడ ముంచితే టన్నుల లెక్క, కెప్టెన్‌కి పేరు, అంతే. ఆ సరుకు ఓడల్లో బొగ్గు ఎత్తిపోసిన మన దేశపు లాస్కర్లూ ఉన్నారు. ఆ యుద్ధంలో వాళ్ళు వేలల్లో చనిపోయారు. మునిగిన ఓడల వాళ్ళని కాపాడొద్దని 1942 సెప్టెంబరులో జర్మన్ అడ్మిరల్ డోనిట్జ్ ఆర్డరే వేశాడు.

పిల్లల్ని ఆడుకోనివ్వండి. నీళ్ళలో పడ్డవాళ్ళ కథ కూడా చెప్పండి.