పీల్చే మందుకు పెట్టిన పరీక్ష

2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నానికి జనం వేలసంఖ్యలో తరలివచ్చారు. వారు వచ్చినది ఓడరేవును చూడటానికి కాదు. కోవిడ్‌కు బొణిగి ఆనందయ్య మూలికలతో తయారుచేసి ఉచితంగా ఇస్తున్న మందు కోసం. మే 21న జనాన్ని అదుపు చేయలేక పంపిణీ ఆపవలసివచ్చింది. ఆయుర్వేద పరిశోధకుల విచారణ తరువాత, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి అనుమతి ఇచ్చింది. ఆ మందువలన హాని లేదనీ, అయితే కోవిడ్ నయమవుతుందనడానికి ఆధారం కూడా లేదనీ అప్పుడే తెలియజేసింది.

పుచ్చుకొన్నవారు ఎందరో తమకు నయమైందని చెప్తూ ఉంటే ఆధారం లేదనడమేమిటి? కోవిడ్ తేలికగా సోకినవారిలో చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గుతుంది. కాబట్టి మందు పుచ్చుకోనివారిని కూడా పక్కన పెట్టుకొని లెక్కించనిదే, గుణం మందుదో శరీరానిదో తేలదు.

ఈ చిక్కు మూలికలకు మాత్రమే కాదు. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ, ఇంటివద్దనే ఉన్న రోగులకు జ్వరమో దగ్గో అయిదు రోజులు దాటినా తగ్గకపోతే, బ్యుడెసొనైడ్‌ను రోజుకు రెండుసార్లు 800 మైక్రోగ్రాముల చొప్పున పీల్చే చికిత్సను పరిశీలించవచ్చునని సూచించింది. ఇది ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్. శ్వాసనాళాల వాపును తగ్గిస్తుంది. 2020 తొలి మాసాలలో ఆసుపత్రులలో చేరిన కోవిడ్ రోగులలో ఉబ్బసం ఉన్నవారు అనుకున్నంత మంది లేరు. వారు పీల్చే మందే వారిని కాపాడుతున్నదా అన్న సందేహం అక్కడ పుట్టింది.

ఆక్స్‌ఫర్డ్‌లో 146 మందిని, చీటీలు తీసినట్లుగా, 73 మంది చొప్పున రెండు జట్లు చేశారు. మందు పీల్చిన జట్టులో ఇద్దరికి, పీల్చని జట్టులో 11 మందికి అత్యవసర వైద్యం కావలసివచ్చింది. బ్రిటన్‌లోనే పెద్ద వయసువారిపై జరిగిన మరొక పరీక్షలో, మందు పీల్చినవారు సుమారు మూడు రోజులు ముందుగా కోలుకొన్నట్లు చెప్పారు. రెండు ఫలితాలూ 2021లో వెలువడ్డాయి.

కాని ఒక లోపం ఉన్నది. ఈ రెండింటిలోనూ ఎవరికి మందు అందినదో రోగికి తెలుసు. మందు దొరికినవాడికి ధైర్యం. దొరకనివాడు కొంచెం ఆయాసం రాగానే ఆసుపత్రికి పరుగెత్తవచ్చు. "తగ్గిందా?" అని అడిగితే వచ్చే జవాబులోనూ ఆ తెలివిడి కలిసిపోతుంది. దీనిని తొలగించాలంటే రెండవ జట్టుకు కూడా అదేవిధమైన పీల్పు సాధనంలో ఉత్తుత్తి మందు ఇవ్వాలి.

అమెరికాలో 400 మందితో అట్లే చేశారు. అక్కడి మందు సిక్లెసొనైడ్, అదే కోవకు చెందిన స్టెరాయిడ్. లక్షణాలన్నీ పోవడానికి మందు జట్టుకు 19 రోజులు, ఉత్తుత్తి జట్టుకూ 19 రోజులే! అత్యవసర వైద్యానికి వెళ్లినవారు మాత్రం మందు జట్టులో తక్కువ. అయితే అవి మరీ చిన్న సంఖ్యలు. 2023లో ప్రకటించిన మరొక అమెరికా పరీక్షలో 1,200 మందికి పైగా పాల్గొన్నారు. ఫ్లూటికసోన్ ఫ్యూరోయేట్ పీల్చినవారు, ఉత్తుత్తి మందు పీల్చినవారికంటె త్వరగా కోలుకోలేదు. వారిలో ఎక్కువమంది అప్పటికే టీకా వేయించుకొన్నవారన్న సంగతి కూడా ఇక్కడ చూసుకోవాలి.