వాయునామాల్లో ‘జని’: పారిభాషిక పదాల పుట్టుక, మనుగడ

ఆధునిక విజ్ఞానశాస్త్రాలు తెలుగులోకి వచ్చిన కాలంలో పారిభాషిక పదాలకు సంస్కృత ధాతువులే ప్రధాన ఆకరమయ్యాయి. 1906లో హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలనూ తెలుగు పాఠకులకు అందించడానికి పూనుకొన్నది. అటువంటి శాస్త్రరచన వాడుకలోకి తెచ్చిన పదాల్లో ఆమ్లజని, ఉదజని, నత్రజని గమనింపదగినవి. మూడింటికీ ఉత్తరపదం ‘జన్’ ధాతువు నుంచి వచ్చినదే. పూర్వపదాల్లో మాత్రం భేదమున్నది.

‘ఆమ్లజని’ ఆక్సిజన్ అనే పేరుకు అర్థానువాదం. ఆమ్లాలన్నింటికీ ఈ వాయువే మూలమని 18వ శతాబ్దిలో లవోయిజియే భావించి ఆ పేరు పెట్టాడు. క్లోరిన్ మూలకమేనని 1810లో డేవీ నిరూపించడంతో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేలింది. అయినా పేరు మారలేదు. శాస్త్రం విడిచిపెట్టిన సిద్ధాంతం ఆ విధంగా తెలుగు సమాసంలోనూ నిలిచింది. గ్రీకు మూలం తెలియనివారికి ‘ఆక్సిజన్’ కేవలం ఒక సంకేతం. ‘ఆమ్లజని’ అయితే తన పొరపాటును విప్పి చెపుతుంది. ‘ఉదజని’లో అటువంటి దోషం లేదు, మండినప్పుడు నీటిని పుట్టించేది హైడ్రోజనే. ‘నత్రజని’లోని ‘నత్ర’ సంస్కృత ధాతువు కాదు; సురేకారానికి పాశ్చాత్యుల పేరైన ‘నైటర్’కు ధ్వన్యనుకరణ.

వ్యుత్పత్తిశుద్ధియే మనుగడకు హేతువైతే ఉదజని నిలిచి, నత్రజని తొలగవలసినది. జరిగినది వేరు. ఆమ్లజని, ఉదజని క్రమంగా వెనుకబడి, పాఠ్యపుస్తకాల్లో ఆక్సిజన్, హైడ్రోజన్ స్థిరపడ్డాయి. నత్రజని మాత్రం ఎరువుల ద్వారా పొలానికి చేరింది. నత్రజని, భాస్వరం, పొటాష్ అని రైతు కలిపి చెప్పే మూడింటిలో మొదటిది సంకరపదం, రెండవది సంస్కృతం, మూడవది ఆంగ్లం. ఆక్సిజన్‌కు జనవ్యవహారంలో నిలిచిన తెలుగు పేరు కూడా కొత్త సమాసం కాదు. పంచప్రాణాల భావనకు చెందిన ‘ప్రాణవాయువు’ కొత్త అర్థాన్ని సంతరించుకొన్నది.

దీనినిబట్టి పదనిర్మాణానికి ధాతువు సామగ్రిని మాత్రమే సమకూర్చగలదని, మనుగడను నిర్ణయించేది వ్యవహారక్షేత్రమని స్పష్టమవుతున్నది. తరగతిగదికే పరిమితమైన పదం పాఠ్యపుస్తకం మారినప్పుడు మారిపోతుంది. జీవనవృత్తిలో ప్రవేశించిన పదానికి ఆ భయం లేదు. పారిభాషిక పదకోశాల విలువను కట్టేటప్పుడు పదాల నిర్దుష్టతతో పాటు అవి చేరిన చోటునూ పరిగణించడం అవసరం.