మెదడు స్కాన్ చరిత్రలో లెక్కల వాటా

మెదడు స్కాన్ పుట్టుక గురించి తరచూ వినిపించే కథ ఒకటి ఉంది. బీటిల్స్ పాటల రికార్డులు అమ్మి ఈఎంఐ కంపెనీ డబ్బు మూటగట్టుకుంది, ఆ డబ్బుతో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు సీటీ యంత్రం తయారుచేశాడు, 1979లో నోబెల్ కొట్టాడు. దీనికి పోటీగా మన దేశంలో చెప్పుకునే కథ ఇంకొకటి. అసలు లెక్క కట్టింది మన శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్, పేరు మాత్రం వాళ్లకు దక్కింది అని. రెండూ వినడానికి బాగానే ఉంటాయి. కానీ మొదటిదాంట్లో గణితం మాయమైంది, రెండోదాంట్లో తేదీలు మాయమయ్యాయి.

తొలి అంకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనుక్కున్నాక ఎముకలు కనిపించాయి గానీ పుర్రె లోపలి మెత్తటి మెదడు కనిపించలేదు. 1918లో వాల్టర్ డాండీ మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. 1927లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాల్లోకి మందు పంపి బొమ్మ తీశాడు. రెండూ రోగికి నరకమే. అంత చేసినా మెదడు కనబడేది కాదు. పక్కకు ఒరిగిన గదినో, వంకర తిరిగిన నాళాన్నో చూసి గడ్డ ఎక్కడుందో డాక్టరు ఊహించాలి. దాదాపు యాభై ఏళ్లు ఇదే పద్ధతిలో నడిచింది.

ఇక హౌన్స్‌ఫీల్డ్. 1919లో ఇంగ్లండ్‌లో పుట్టి పొలం పనుల మధ్య పెరిగాడు. యుద్ధకాలంలో వైమానిక దళంలో రాడార్ నేర్చుకున్నాడు, నేర్పాడు. ఆ తర్వాత ఒక డిప్లొమా, అంతే. డాక్టరేట్ లేదు. ఈఎంఐలో ఆయన చేపట్టిన మొదటి పెద్ద పని కంప్యూటర్. 1950ల చివర్లో వచ్చిన ఎమిడెక్ 1100 ఆయన బృందానిదే. ఆపైన అక్షరాలనూ ఆకారాలనూ యంత్రం చేత గుర్తింపజేసే పరిశోధనలో పడ్డాడు. అంటే 1967లో స్కానర్ ఆలోచన వచ్చేనాటికి ఆయన ఎక్స్‌రే మనిషి కాదు, కంప్యూటర్ మనిషి. ఆయన జీవితచరిత్రలో అందరూ ఒక్క వాక్యంలో దాటేసే ఈ సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఒక పెట్టెలో ఏముందో తెరవకుండా, అన్ని వైపుల నుంచీ కొలతలు తీసుకుని లెక్కగట్టి చెప్పవచ్చా అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. అది వైద్యుడు వేసే ప్రశ్న కాదు.

మొదటి ప్రయోగం ఒక పాత లేత్ యంత్రం మీద జరిగింది. అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే గామా కిరణం ఎంత బలహీనమంటే ఒక్క బొమ్మకు కావలసిన 28 వేల కొలతలు తీయడానికి 9 రోజులు పట్టింది. వాటిని కంప్యూటర్ నమలడానికి ఇంకో రెండున్నర గంటలు. ఎక్స్‌రే గొట్టం అమర్చాక 9 రోజులు 9 గంటలయ్యాయి. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని వింబుల్డన్‌లో ఉన్న అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ పర్యవేక్షణలో మొదటి రోగికి స్కాన్ తీశారు. ఆమె తలకు రబ్బరు తొడుగు వేసి నీటిపెట్టెలో బిగించారు. కొలతలు టేపు మీద ఎక్కించి లెక్కకు పంపారు. ఆ రోజుల్లో ఆసుపత్రిలో బొమ్మ తయారయ్యేది కాదు. తిరిగొచ్చింది నిలువునా 80, అడ్డంగా 80 గళ్ల గరుకు బొమ్మ. అందులో మెదడు ముందు భాగాన గుండ్రటి గడ్డ స్పష్టంగా కనిపించింది.

బీటిల్స్ సంగతికి వద్దాం. 2012లో మైజ్లిన్, వోస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఖర్చుల లెక్క తిరగదోడి, బ్రిటన్ ఆరోగ్య శాఖ పెట్టిన సొమ్ము ఈఎంఐ పెట్టినదానికంటే బాగా ఎక్కువని తేల్చారు. పాటల కథ చెరిగిపోలేదు, పోదు కూడా. ప్రభుత్వ గుమాస్తాలు నిధులు మంజూరు చేశారంటే ఎవరు చదువుతారు?

అసలు పేచీ డబ్బు దగ్గర కాదు, గణితం దగ్గర. నీడల నుంచి వస్తువును తిరిగి నిర్మించవచ్చని 1917లోనే యోహాన్ రాడాన్ శుద్ధ గణితంగా నిరూపించాడు. అది వైద్యుల చేతికి చేరలేదు. 1956లో కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో పార్ట్‌టైమ్‌గా పనిచేసిన భౌతికవేత్త అలన్ కోర్మాక్ అదే సమస్యను తనంతట తాను తవ్వి, 1963, 64లలో రెండు వ్యాసాలు అచ్చువేశాడు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. లాస్ ఏంజెలెస్‌లో విలియం ఓల్డెన్‌డార్ఫ్ అనే నరాల వైద్యుడు 1961లో బొమ్మ రైలు పట్టాల మీద చిన్న నమూనా కట్టి, మేకుల వరసల మధ్య దాగిన మేకును పట్టి చూపాడు. కంపెనీలు ముఖం చాటేశాయి. ఆయనకు లేనిది బుద్ధి కాదు, కంప్యూటర్.

ఇక్కడే రామచంద్రన్ వస్తారు. కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణంతో అప్పటికే లోకప్రసిద్ధుడైన ఆయన, ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి 1971 సెప్టెంబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసం వేశారు. వింబుల్డన్ స్కాన్ అక్టోబర్ 1న. ఇంత దగ్గరగా పడిన తేదీలు చూసి ఒకరి నుంచి ఒకరు ఎత్తుకున్నారని కొందరంటారు. ఆధారం లేదు. పైగా హౌన్స్‌ఫీల్డ్ తొలి యంత్రం వాడింది వేరే పద్ధతి. 6,400 గళ్ల విలువలను వేలకొద్దీ సమీకరణాలతో కుస్తీపట్టి, సరిచేస్తూ సరిచేస్తూ పట్టుకునేది. రామచంద్రన్ దారి వేరు. ప్రతి కోణం నుంచి వచ్చిన నీడను ముందు ఒక గణిత జల్లెడ పట్టి, తర్వాత వెనక్కి పరవాలి. ఉత్త నీడను పరిస్తే బొమ్మ అలుక్కుపోతుంది. జల్లెడ ప్రతి కొలత పక్కనా కొద్దిగా రుణ విలువలు చేర్చి ఆ అలుకుడును కొట్టేస్తుంది. అప్పటిదాకా తప్పనిసరి అనుకున్న ఫోరియర్ పరివర్తనల బరువు లేదు. ఒక కోణం కొలత పూర్తికాగానే లెక్క మొదలుపెట్టవచ్చు. తర్వాతి స్కానర్లు నడిచింది ఈ దారిలోనే. రెండు పేర్లూ కలిపి ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని రామ్-లాక్ ఫిల్టర్ అంటారు.

అయినా మనవాళ్ల కథకు కూడా ఒక సవరణ తప్పదు. 1967లోనే బ్రేస్‌వెల్, రిడిల్ రేడియో ఖగోళశాస్త్రంలో ఇలాంటి పద్ధతినే రాబట్టారు. రామచంద్రన్ లక్ష్యం కూడా ఆసుపత్రి ఒక్కటే కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని బొమ్మలూ ఆయన దృష్టిలో ఉన్నాయి. 1974లో షెప్, లోగన్ ఆ జల్లెడను మెరుగుపరిచారు. కాబట్టి సీటీని కనిపెట్టినవాడు రామచంద్రన్ అనడం అతి. ఆయన పేరు లేకుండా సీటీ చరిత్ర రాయడం మాత్రం అన్యాయం. హౌన్స్‌ఫీల్డ్ గొప్పతనం యంత్రాన్ని రోగి దాకా తీసుకెళ్లడంలో ఉంది. వేగమూ స్పష్టతా ఇచ్చిన లెక్క ఇంకొకరిది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1973లో లాటర్‌బర్ ఎంఆర్ఐ, 1990లో ఒగావా రక్తంలోని ఆక్సిజన్ ఆధారంగా మెదడు పనితీరు బొమ్మ. అప్పుడూ యంత్రాలే వార్తలకెక్కాయి. కార్ల్ ఫ్రిస్టన్ వంటివాళ్లు రాసిన గణాంక పద్ధతులు ఎవరికీ పట్టలేదు, తప్పు బయటపడేదాకా. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే, గణాంక జాగ్రత్త తీసుకోని లెక్కలో దాని మెదడు ‘స్పందించింది’. 2016లో ఎక్లుండ్ బృందం పేరున్న సాఫ్ట్‌వేర్లలోనే కొన్ని పద్ధతులు లేని స్పందనను ఉన్నట్టు చూపిస్తున్నాయని నిరూపించింది.

మన సంగతి చూస్తే నాకు అసంతృప్తే మిగులుతుంది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి భారతీయుల మెదడు అట్లాస్ తయారుచేసింది. మన మెదళ్ల సగటు కొలతలు పాశ్చాత్యుల, చైనీయుల కొలతలకంటే చిన్నవని తేలింది. అంటే పరాయి నమూనాతో పోల్చి, మనవాళ్లలో మామూలుగా ఉన్న మెదడును కుంచించుకుపోయిందని పొరబడే ప్రమాదం ఉందన్నమాట. ఇది నిజమైన పని. కానీ అందులో ఉన్నది వందమంది యువతీయువకులు మాత్రమే. డెబ్భై ఏళ్ల రైతు మెదడును దేనితో పోల్చాలి? గుంటూరు నుంచి వరంగల్ దాకా వీధికో స్కానింగ్ సెంటర్ వెలిసింది. తలనొప్పి అనగానే సీటీ రాసేస్తున్నారు. ఒక్క తల సీటీలో పడే రేడియేషన్ సుమారు 100 ఛాతీ ఎక్స్‌రేలంత అని రోగికి చెప్పేవాళ్లు అరుదు. ఆ బొమ్మలన్నీ ప్లాస్టిక్ కవర్లలో ఇంటికి వెళ్లి బీరువా మీద దుమ్ము పట్టిపోతున్నాయి. వాటిని అనుమతితో, పేర్లు తీసేసి పోగుచేసే ఏర్పాటు గట్టిగా లేదు. యంత్రాలు కొనడానికి దొరికే నిధులు ఆ బొమ్మల వెనకున్న లెక్క చేసే మనుషులను తయారుచేయడానికి దొరకడం లేదు. మరో స్కానర్ కొనేముందు, మన విశ్వవిద్యాలయాలు అట్లాస్‌లోని ఆ వందను పదివేలు చేసే పని చేపట్టాలి.