గొలుసుకట్టు

ప్రత్యేక సంచికకు ‘మన కాలపు ఆఫీసు భాష’ గురించి రెండు పేజీలు రాయమని కార్యదర్శి గారు ఫోను చేశారు. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2008లో పదవీ విరమణ చేసేదాకా రెవెన్యూ శాఖలో కాగితాల మధ్యే బతికినవాణ్ణి కనుక కాదనలేకపోయాను. అయితే ఆఫీసు భాష అనగానే నాకు ఆఫీసుకంటే ముందు మా ఇల్లు గుర్తొస్తుంది. మా నాన్నగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక గ్రామానికి కరణం.

నేను ఉద్యోగంలో చేరేనాటికి అధికార భాషా చట్టం వచ్చి అయిదేళ్ళయింది. అది 1966 నాటి చట్టం. మా తాలూకా ఆఫీసులో మాత్రం ఫైలు మీద నోటు ఇంగ్లీషులోనే నడిచేది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడి, వావిలాల గోపాలకృష్ణయ్యగారు తొలి అధ్యక్షులయ్యాక కాస్త కదలిక వచ్చింది. తెలుగు టైపు మిషన్లు దిగాయి. మా హెడ్ గుమాస్తాగారు ఇంగ్లీషులో రెండు ముక్కల్లో తేల్చే మాటను తెలుగులో ‘పై విషయమును పరిశీలించి తగు చర్య గైకొనవలసినదిగా కోరడమైనది’ అని సాగదీసేవారు. సంతకం పెట్టబోతూ “ఒరే అబ్బాయ్, ఇంతకీ మనం ఏం కోరాం?” అని నన్నే అడిగిన రోజులున్నాయి.

గ్రామ లెక్కలు మాత్రం ఎప్పుడూ తెలుగే. తెలుగే అంటే ఏ తెలుగు? అడంగలు అరవం నుంచి వచ్చింది. పోరంబోకూ అంతే, ఆయకట్టు లెక్కకు బయట వదిలేసిన నేల అని అర్థం. ఆ మాట మనుషులకు తిట్టుగా ఎలా మారిందో మీకందరికీ తెలుసు. జమాబందీ, తాకీదు, దస్తరం, రశీదు, దరఖాస్తు పారసీ అరబ్బీల నుంచి వచ్చి ఉర్దూ మీదుగా మనకు చేరాయి. సెటిల్‌మెంటు రిజిస్టరును ‘డైగ్లాటు’ అనేవాళ్ళం. ఇంగ్లీషు, తెలుగు రెండింటిలోనూ అచ్చయింది కాబట్టి దానికాపేరు. తెలంగాణ జిల్లాల్లో పనిచేసిన మిత్రులకు ఇదే సరుకు పట్వారీ, పహాణీ, సేత్వారు పేర్లతో పరిచయం. 1820లో కడప కలెక్టరు కచేరీలో చేరిన బ్రౌను దొర, ఇలా తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేయించాడు. ఆయనా ఒక రకంగా మన శాఖవాడేనని నేను గర్వంగా చెప్పుకుంటాను.

మాటలు సరే, రాత ఇంకో ఎత్తు. కరణాల రాతను గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం, మాటకు మాట ముడివేసుకుంటూ పంక్తి చివరిదాకా లాగేస్తారు. తలకట్టు ఉండదు, గుడి ఎక్కడో దీర్ఘం ఎక్కడో తెలియదు. వేగం కోసం పుట్టిన రాతే అయినా, అందరూ చదవలేకపోవడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. ఆ పంక్తిలో ఏముందో తెలియాలంటే రైతు కరణంగారి అరుగు మీదికే రావాలి. కరణాలకు ఊళ్ళల్లో చెడ్డపేరు ఊరికే రాలేదు. మా నాన్న చేయి చాచే మనిషి కాదని నేను చెప్పగలను గాని, మా అరుగు మీద రైతులు గంటల తరబడి కూర్చోవడం నా కళ్ళారా చూశాను.

మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. వారపత్రికలు, సినిమా పాటల పుస్తకాలు ధారాళంగా చదివేది. నాన్న లెక్కలు మాత్రం ఒక్క ముక్క కూడా చదవలేకపోయేది. “మీ నాన్న రాసేది తెలుగేనంటావా?” అని నవ్వేది. ఆమెకు రామారావంటే కృష్ణుడే. 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు, బండి కట్టించుకుని వెళ్ళి చూశాం. పింగళి నాగేంద్రరావుగారు ఆ సినిమాకు రాసిన అసమదీయులు, తసమదీయులు మా ఇంట్లో ఇంటిమాటలైపోయాయి. నాన్న కూడా వచ్చినవాడు ఏ పార్టీవాడో అమ్మకు ఆ మాటలతోనే సైగ చేసేవారు. 1960లలో ఒకసారి తిరుపతి వెళ్ళిన బస్సు, అప్పటి ఆనవాయితీ ప్రకారం, మద్రాసు దాకా వెళ్ళి రామారావుగారి ఇంటిముందు ఆగింది. ఆ దర్శనం గురించి అమ్మ చెప్పినంతగా వెంకటేశ్వరస్వామి దర్శనం గురించి చెప్పేది కాదు. దేవుడి గదిలో కృష్ణవేషం క్యాలెండరు ఒకటి చట్రం కట్టించి పెట్టింది.

ఆ కృష్ణుడే 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గడం, తర్వాత మళ్ళీ పెరగడం పాతవాళ్ళెవరూ మరిచిపోరు. మా ఇంటికి మాత్రం అసలు కబురు 1984 జనవరి 6న వచ్చింది. కరణాలు, మునసబులు, పటేళ్ళు, పట్వారీల పార్ట్‌టైము పదవులన్నీ రద్దు చేస్తూ ఆర్డినెన్సు జారీ అయింది. వంశపారంపర్య హక్కును సుప్రీంకోర్టు 1960లోనే కొట్టేసింది, కాని పాతవాళ్ళు, పాత కుటుంబాలవాళ్ళు చాలామంది అలాగే కొనసాగుతున్నారు. నాన్న 1948లో, పద్దెనిమిదో ఏట, తాతగారి స్థానంలో చేరారు. ముప్పై ఆరేళ్ళ లెక్క ఒక్క పూటలో ముగిసింది. గ్రామోద్యోగులు కోర్టుకు వెళ్ళారు గాని, 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఒక ఊరి భూమి సంగతంతా ఒకే ఇంటి పెట్టెలో, ఒకే చేతి రాతలో ఉండటం సబబు కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అనుకోవడం వేరు, ఆ ఇల్లు మనదే కావడం వేరు.

రికార్డులు వెంటనే స్వాధీనం చేసుకోవాలి. గ్రామాలవారీ నోటీసులు తెలుగులో టైపు చేసే పని నాకు పడింది. ఆ వరసలో మా ఊరి నోటీసూ చేశాను. నాన్న పేరు టైపు చేసేటప్పుడు రెండుసార్లు తప్పుపడి కాగితం మార్చాను. మర్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారి వెంట జాబితా రాయడానికి నన్నే పంపారు. తప్పించుకోవచ్చునేమో, అడగడానికి మొహం చెల్లలేదు.

నాన్న అరుగు మీద చాప వేయించి, గుడ్డ మూటలన్నీ ముందే వరసగా పెట్టించారు. నోటీసు అందుకుని చదవకుండానే సంతకం చేసి పక్కన పెట్టారు. అమ్మ దాన్ని తీసుకుని గడపలో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అచ్చువంటి టైపు అక్షరాలు, తేలిక మాటలు. ఆ ఇంట్లో ప్రభుత్వ కాగితం ఒకటి ఆమె ఎవరినీ అడగకుండా చదివి అర్థం చేసుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. చదివి, నా వంక చూసి, “నువ్వే కొట్టావా?” అంది. అవునన్నాను. లోపలికి వెళ్ళి ఇద్దరికీ కాఫీ తెచ్చింది.

మూటలు బండికెక్కాక నాన్న నాతో రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. దేవుడి గదిలో క్యాలెండరు తీయమని ఆయన అనలేదు, తీస్తానని అమ్మా అనలేదు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ మూటలు మా మండల కార్యాలయానికే చేరాయి. చదివేవాళ్ళు లేరు. కొత్త కుర్రాళ్ళు గొలుసుకట్టు చూసి ఉర్దూ అనుకున్నారంటే అతిశయోక్తి కాదు. 1986లో మా ఊరి పొలం తగాదా ఒకటి వచ్చింది. అరవై రెండు సెంట్ల మాగాణి. ఒక పక్క భూస్వామి వారసులు, ఇంకో పక్క ఆ పొలం ఎన్నో ఏళ్ళుగా దున్నుకుంటున్న కుటుంబంలో మిగిలిన ఒక విధవరాలు. తన భర్త కొన్నాడని ఆమె మాట. రిజిస్ట్రీ లేదు, చేతి కాగితం 1977 నవంబరు తుపానులో ఇంటితోపాటు కొట్టుకుపోయింది. మిగిలిన ఆధారమల్లా 1958 నాటి అడంగలు రిమార్కుల గడిలో నాన్న రాసిన ఒక్క మాట. అది ‘కౌలు’ అయితే ఆమె కౌలుదారు. ‘క్రయం’ అయితే కొన్నట్టు ఊరి లెక్క ఒప్పుకున్నట్టు.

అధికారి అనుమతితో ఆ పంక్తికి నకలు దించుకుని, దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్ళాను. నా నకలు మీద నాన్నకు నమ్మకం కుదరలేదు. మర్నాడు తానే బస్సెక్కి ఆఫీసుకు వచ్చారు. రద్దు తర్వాత ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదలు. కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. చివరకు మెల్లగా అన్నారు: “నాకే అందడం లేదురా. అడిగేవాడెవడున్నాడులే అని గీసిపారేశాను.”

క్రయమేనని ఆయనకు జ్ఞాపకం. ఆ సంగతి పెద్దమనుషుల్లోనూ చెప్పారు. “మరి రాసింది అలా లేదేం కరణంగారూ?” అని అవతలివాళ్ళు అడిగారు. రాసినవాణ్ణి నేనే, తప్పు నాదే అని అందరిముందూ ఒప్పుకున్నారు. జ్ఞాపకం రికార్డు కాదు గదా. కోర్టుకు పోయే స్తోమత లేక ఆమె రాజీకి ఒప్పుకుంది. చెరి సగం, ముప్పై ఒక్క సెంట్లు. ఆ రాత్రి నాన్న భోజనం దగ్గర నుంచి లేచిపోయారు.

ఆ తర్వాత ఆయన నాకు పోస్టుకార్డులు రాయడం మొదలుపెట్టారు. నేను వేరే ఊరికి బదిలీ అయ్యాను కనుక నెలకు రెండు వచ్చేవి. మొదటి కార్డు చూసి ఎవరిచేతనో రాయించారనుకున్నాను. అక్షరానికీ అక్షరానికీ ఎడం, ప్రతి తలకట్టూ గుండ్రంగా, ప్రతి గుడీ నిండుగా. యాభై ఆరేళ్ళ మనిషి కాపీరైటింగు చేసినట్టు కూర్చుని రాసేవారని, ఒక కార్డుకు పూటంతా పట్టేదని అమ్మ చెప్పింది. 1998లో పోయేదాకా అలాగే రాశారు. 1996 జనవరిలో రామారావుగారు పోయినప్పుడు రాసిన కార్డులో, “మీ అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు, నువ్వొకసారి రా” అని ఒక్క వాక్యమే ఉంది.

ఇప్పుడు అడంగలు సెల్‌ఫోనులో వస్తోంది. మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు ఊరి పొలం సర్వే నంబరు కొట్టి నాకే చూపించింది. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. బీరువా సర్దుతుంటే ఆ పోస్టుకార్డుల కట్ట దొరికితే, ఒకటి తీసి అక్షరం అక్షరం పట్టుకుని చివరిదాకా చదివేసింది.

“తాతయ్యా, ఇవి ఎవరో చిన్నపిల్లాడు రాశాడా?” అంది.

మీ ముత్తాత రాశాడమ్మా అన్నాను. కట్టలోంచి ఇంకోటి తీసుకుంది.