సెలవుల వెంట పడిన చదువు

కృష్ణదేవిపేట పిల్లలకు సోషల్ పుస్తకంలోని ఒక పాఠం ఊళ్లోనే ఉంది. నర్సీపట్నం నుంచి కొయ్యూరు వైపు వెళ్తుంటే, మైదానం తగ్గి కొండలు దగ్గరపడే చోట వస్తుంది ఈ ఊరు. అల్లూరి సీతారామరాజు సమాధి ఇక్కడే. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ను కాల్చి చంపాక అంత్యక్రియలు జరిగింది ఈ మట్టిలోనే. తమాషా ఏమిటంటే, ఆ తేదీన ఎప్పుడూ బడి ఉండదు. ఏప్రిల్ నాలుగో వారంలో మూసిన తలుపులు మళ్లీ తీసేది జూన్ 12 ప్రాంతంలోనే. కాబట్టి మే 7 గురించి ఈ ఊరి పిల్లలు ఆ రోజునే ఏమన్నా రాయాలంటే సెలవుల హోంవర్క్‌లోనే రాయాలి.

ఆ హోంవర్క్ ఎలా ఉంటుందో హైస్కూలు పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. తెలుగులో రోజుకో పేజీ చూచిరాత. ఇంగ్లీషులో కాపీరైటింగ్, హిందీలోనూ అదే. లెక్కల్లో ఎక్కాలు, ఫార్ములాలు, అయిపోయిన అభ్యాసాలే మళ్లీ. సైన్సులో బొమ్మలు, ఒక ప్రాజెక్టు. సోషల్‌లో మ్యాపులు. ఆఖరి పనిదినాన ఆరుగురు టీచర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇచ్చిపోతారు. ఒకరు ఎంత ఇచ్చారో ఇంకొకరికి తెలియదు. పిల్లవాడికి మాత్రం మొత్తం తెలుస్తుంది, అదీ జూన్ మొదటి వారంలో.

ఇది ఎవరు మొదలుపెట్టారని ఇంటర్నెట్‌ను అడిగితే రాబర్టో నెవిలిస్ అనే పేరు వస్తుంది. వెనిస్ నగరపు మాస్టారనీ, 1905లో హోంవర్క్‌ను కనిపెట్టాడనీ, బద్ధకస్తులను శిక్షించడానికే కనిపెట్టాడనీ ఒకరి దగ్గర ఒకరు దించుకుంటూ పోయారు. అలాంటి మనిషి ఉన్నాడనడానికి ఒక్క ఆధారం లేదు. పైగా అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1901లోనే, పదిహేనేళ్ల లోపు పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదని చట్టం చేసింది. 1917 దాకా అది అమల్లో ఉంది. 1905లో పుట్టినదాన్ని 1901లో నిషేధించడం కుదిరే పనేనా? హోంవర్క్ చరిత్రను కూడా పిల్లలు హోంవర్క్ రాసినట్టే రాశారన్నమాట.

మన వైపు ఈ కథ తిన్నె మీది వీధిబడి దగ్గర మొదలుపెట్టాలి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల లెక్క అడిగాడు. దానికి బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఇప్పటికీ ఆసక్తిగా చదివించుకుంటుంది. తెలుగూ కన్నడమూ కలిసి నడిచిన ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున ఆరింటికల్లా బడి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, మెప్పూ లేదు తిట్టూ లేదని. మూడోవాడికి మెత్తగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ. ఇంత పకడ్బందీ బడిలో కూడా ఇంటికి రాతపని ఇవ్వడానికి వీల్లేదు. అక్షరాలు దిద్దేది ఇసుకలో, వేలితో. దిద్దిన ఇసుకను ఇంటికి మోసుకుపోలేరు కదా. ఆ మెట్టు దాటాక తాటాకులూ, పలకలాంటివీ చేతికొచ్చేవి గానీ అవీ అపురూపమే. ఇంటికి పట్టుకెళ్లేదల్లా నోట్లో ఉన్నదే. ఎక్కాలు, సుమతీ వేమన పద్యాలు, అమరం. సాయంత్రం పెద్దవాళ్ల ముందు వల్లె వేయడం, పొద్దున్నే పంతులుకు అప్పజెప్పడం.

మరి సెలవుల్లో? అక్కడే అసలు మెలిక ఉంది. పాత చదువుకు ఆదివారం లేదు, తిథులున్నాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో పుస్తకం ముట్టకపోవడం బద్ధకం కాదు, నియమం. మనుస్మృతి ప్రకారం అమావాస్యనాటి చదువు గురువుకు చేటు, చతుర్దశినాటిది శిష్యుడికి. సుందరకాండలో లంకలో సీత ఎంత చిక్కిపోయి ఉందో హనుమంతుడు చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు. అంటే సెలవునాడు చదివితే ఉన్న చదువు కూడా కరిగిపోతుందని వాళ్ల భయం.

ఇప్పటి భయం సరిగ్గా దీనికి తలకిందులు. సెలవుల్లో చదవకపోతే చదువు కరిగిపోతుందని. అమెరికాలో హారిస్ కూపర్, ఆయన తోటి పరిశోధకులు 1996లో అప్పటిదాకా వచ్చిన 39 అధ్యయనాలను కలిపి చూసి, వేసవిలో పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనకబడతారని తేల్చారు. లెక్కలు చేయడం, స్పెల్లింగులు ఎక్కువ పోతాయట. మన టీచర్లు ఆ పరిశోధన చదవకుండానే ఎక్కాలూ చూచిరాతా ఇస్తూ వచ్చారు. జూన్‌లో క్లాసుకు వెళ్లినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాత బడికి సెలవుల్లో చదువు లేదు గానీ పని ఉండేది. దసరాకు పంతులు పిల్లలను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగేవాడు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు, గిలకలు. ఇంటింటి ముందూ నిలబడి పద్యాలు పాడితే పంతులుకు డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు. ఏడాదంతా ఏం నేర్చారో ఊరికి వినిపించే వేడుక అది. జీతం చాలని పంతులుకు ఏడాదంతటికీ అదే ఆదరువు. నన్నడిగితే తెలుగునాట మొదటి సెలవుల హోంవర్క్ అదే. దాన్ని దిద్దింది పంతులు కాదు, వీధిలోని గృహిణులు.

భయం తలకిందులవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి, కాగితం, పరీక్ష. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష అచ్చయ్యాక పాఠం పంతులు నోటి నుంచి పుస్తకంలోకి దిగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చి మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టింది. 19వ శతాబ్దం రెండో సగంలో పిల్లలు ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు అనే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పిల్లవాడు మరిచిపోతే పోయేది పంతులు కూడే. చేతికి చవకగా నోటుబుక్కు అందాక, ఇంటికి రాతపని పంపించడానికి అడ్డేముంది? ఇంగ్లండులో బోర్డింగ్ బడులకు అప్పటికే సెలవుల పని అలవాటు. ఒక పుస్తకం ఇచ్చి ఇంటికి పంపడం, తిరిగొచ్చాక దానిమీద పరీక్ష పెట్టడం. ఆ పాలకులు పెట్టిన బడుల్లో చదివిన మనకూ అది అబ్బింది.

ఫ్రాన్సులో ఇది ఏకంగా వ్యాపారమైంది. 1933లో రోజే మాన్యార్ అనే ప్రచురణకర్త సెలవుల పనికోసమే ఆటపాటలతో ఒక పుస్తకం వేశాడు. 1956లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఇంటికి రాతపని ఇవ్వకూడదంది. అయినా వేసవి వస్తే ఆ పుస్తకాలు ఇప్పటికీ లక్షల్లో అమ్ముడుపోతాయి. కొనేది టీచర్లు కాదు, అమ్మానాన్నలు. జపాన్‌లో బొమ్మల డైరీ రాయిస్తారు. ఏ దేశమైనా ఆఖరి వారంలో అమ్మలే కూర్చుని పూర్తిచేస్తారని విన్నాను, నమ్ముతాను కూడా.

స్వతంత్రం వచ్చాక మన దగ్గర పెద్దలు సెలవుల గురించి వేరే కలలు కన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ బడికి ఏడాదికి 234 పనిదినాలు ఉండాలంటూనే, సెలవులను శిబిరాలకు, సమాజసేవకు, అక్షరాస్యత పనికి వాడుకోమంది. 1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మాట్లాడుతూ పిల్లల వీపు మీది సంచి బరువు గురించి గోల పెట్టారు. ఆ గోల ఫలితమే యశ్‌పాల్ కమిటీ. 1993లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ ప్రాథమిక తరగతులకు ఇంటిపని వద్దనీ, ఇస్తే ఇంటి పరిసరాల్లో వెతికి తెలుసుకునే పని మాత్రమే ఇమ్మనీ చెప్పింది. పై తరగతులకు అవసరమైతే ఇవ్వండి గానీ పాఠ్యపుస్తకంలోది ఇవ్వకండి అంది.

పాఠ్యపుస్తకంలోది కానిది అంటే ఏమిటో కృష్ణదేవిపేటలో నిలబడితే సులువుగా తెలుస్తుంది. 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు తీసుకుని, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లారు. దొంగతనానికీ తిరుగుబాటుకూ తేడా ఏమిటో ఆ సంతకం చెబుతుంది. తొమ్మిదో తరగతి పిల్లకు సోషల్‌లో దీనికి మించిన ప్రశ్న ఏం కావాలి? ఆయన ఎందుకు సంతకం పెట్టాడు? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయి. జవాబు ఏ గైడులోనూ దొరకదు.

సంక్రాంతి సెలవులకు సైన్సు పని కొండ మీదే ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డులో ముప్పై కిలోమీటర్లు ఎక్కితే లంబసింగి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. జనవరి తెల్లవారుజామున కింద పల్లంలో ఒక ఉష్ణోగ్రత, అక్కడ సున్నాకు దగ్గర్లో ఇంకొకటి. రోజూ పేపర్లో వచ్చే రెండు అంకెలనూ వరుసగా రాసి గ్రాఫు గీస్తే భౌతికశాస్త్రమూ అయింది, లెక్కలూ అయ్యాయి. ఆ కొండదారి వేయించడానికి మన్యం జనాన్ని కూలికి తోలి, ఇవ్వాల్సిన కూలి ఎగ్గొట్టినవాడే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. ఆ మంటే సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. ఒక్క రోడ్డు మీద రెండు సబ్జెక్టులు ఎదురెదురుగా వస్తాయన్నమాట.

లెక్కలు ఇంకా దగ్గర. ఈ చుట్టుపక్కల తోటల్లో మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల కాలం. వేసవి సెలవులంటే చాలామంది పిల్లలకు పిక్కలు ఏరే రోజులే. కిలో ఏ రేటుకు పోయింది, చింతపండుకు గిరిజన సహకార సంస్థ ఎంత ఇస్తోంది, సంతలో షావుకారు ఎంత ఇచ్చాడు, తేడా ఎంత శాతం? 1956లో ఆ సంస్థను పెట్టిందే ఈ తేడా నుంచి గిరిజనులను కాపాడటానికి. ఇక దగ్గర్లోని తాండవ జలాశయం గరిష్ట మట్టం 380 అడుగులు, కింద సుమారు 51 వేల ఎకరాల ఆయకట్టు. వేసవిలో మట్టం ఎంతకు దిగింది, ఖరీఫ్‌కు ఎంత మిగిలింది? పిల్లవాడి నాన్న రోజూ వేసుకునే లెక్కే ఇది. బడిలో లెక్కగా ఎప్పుడూ రాదు.

కమిటీల మాట బడిదాకా రాలేదనడం మాత్రం అన్యాయం. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన కొత్త పుస్తకాల్లో పాఠాల చివర ప్రాజెక్టు పనులు చేర్చారు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, లఘు పరీక్షల పక్కన ప్రాజెక్టుకూ చోటిచ్చారు. అప్పట్లో పదో తరగతిలో 80 మార్కులు పరీక్షకు, 20 బడిలో వేసే ఇంటర్నల్స్‌కు. మార్కులు వచ్చేసరికి ప్రాజెక్టు వెంట దుకాణమూ వచ్చింది. ఏ టౌనులో స్టేషనరీ షాపుకెళ్లినా జాతీయ నాయకుల షీటు ఉంటుంది. కత్తిరించి ఫెవికాల్ రాసి అతికించడమే. నెట్ సెంటర్లో అడిగితే మేటర్ ప్రింటు తీసిస్తారు, ఈమధ్య ఫోనే రాసిచ్చేస్తోంది. సీతారామరాజు బొమ్మ కోసం నెట్‌లో వెతికితే ముందొచ్చేది 1974 నాటి సినిమాలోని కృష్ణ, లేదంటే 2022 నాటి సినిమాలోని రామ్‌చరణ్. అలా అతికించిన చార్టులు ఎన్ని గోడలెక్కాయో! సమాధి నాలుగడుగుల దూరంలో ఉన్న ఊళ్లో కూడా పిల్లలు షీటు కొనే తెస్తారు, ఎందుకంటే మార్కులు షీటుకే పడతాయి.

సీబీఎస్‌ఈ బడుల్లో ఇంకో వింత. 2020 నుంచి కళతో కలిపిన ప్రాజెక్టు తప్పనిసరి, అందులోనూ జత రాష్ట్రం గురించి ఒకటి చేయాలి. ఆంధ్రప్రదేశ్‌కు జత పంజాబ్. అందుకని మన పిల్లలు మే ఎండలో ఫుల్కారీ కుట్టు బొమ్మలు గీస్తారు. పంజాబ్ గురించి తెలుసుకోవడం తప్పేం కాదు. ఆ పిల్లవాడు మన మన్యం నాట్యం థింసా ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశాడా అన్నదే నా అనుమానం.

అదే 2020లో కేంద్రం తెచ్చిన బడిసంచి విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి రోజుకు గంట, ఆపైన రెండు గంటలు మించకూడదంది. రోజువారీ పనికి గంటలు కట్టారు గానీ, ఏడు వారాల వేసవికి ఆరు సబ్జెక్టులు కలిపి ఇచ్చేదానికి ఇలాంటి గీత ఎవరు గీస్తారు? ఆరుగురు టీచర్లు స్టాఫ్‌రూమ్‌లో అరగంట కూర్చుంటే అయిపోయే పని. లంబసింగి రోడ్డులాంటి ఒక్క అంశం తీసుకుని ఆరు సబ్జెక్టులకూ పంచుకోవచ్చు. అలా చేస్తే దిద్దాల్సిన పుస్తకాలూ తగ్గుతాయి.

దిద్దడమే అసలు చిక్కు. జూన్‌లో బడి తెరిచాక మొదటి వారమంతా అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, రిజిస్టర్లతో పోతుంది. బల్ల మీద కట్టలుగా చేరిన సెలవుల హోంవర్క్‌కు ఎర్రసిరాతో ఒక టిక్కు, పొట్టి సంతకం, తేదీ పడతాయి. ఏం రాసిందీ చదివే తీరిక ఉండదు. రాసినవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే మధ్య పేజీల్లో ఏ సినిమా పాటో రాసి చూసే గడుసువాళ్లు ప్రతి బడిలోనూ ఉంటారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పదో తరగతికి ఆ ఇరవై ఇంటర్నల్ మార్కులు తీసేసింది. ప్రైవేటు బడులు అడ్డంగా వేసుకుంటున్నాయన్న ఫిర్యాదులే కారణం. దాంతో ప్రాజెక్టుకున్న కాస్త గిరాకీ పోయి, చూచిరాత మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. చూచిరాతను దిద్దాలంటే చదవనక్కర్లేదు, పేజీలు లెక్కపెడితే చాలు.