పూస జారిందంటే నడుము పోయినట్టు కాదు: 240 ఏళ్ల కథ



మన హోసూరు, కృష్ణగిరి వైపు నడుము నొప్పి ఎరగని ఇల్లు అరుదు. గ్రానైట్ క్వారీల్లో రాయి ఎత్తేవాళ్లు, సిప్కాట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా నిలబడేవాళ్లు, గులాబీ తోటల్లో వంగి పనిచేసే అక్కలు, రోజూ బైకు మీద ఎలక్ట్రానిక్ సిటీకి పోయి వచ్చే తమ్ముళ్లు, అందరూ మనవాళ్లే. ఎక్స్‌రే చూసి డాక్టరు "పూస జారింది" అనగానే కొందరం ఇక మంచమే గతి అని పని మానేస్తాం. కొందరం పూసను వెనక్కి నెట్టిస్తామనే వాళ్ల దగ్గరికి పరిగెత్తుతాం. ఈ రెండూ ఎందుకు తప్పో ఈ జబ్బు చరిత్రే చెబుతుంది.

ముందుగా ఒక మాట. డిస్కు జారడం వేరు, పూస జారడం వేరు. డిస్కు రెండు పూసల మధ్య ఉండే మెత్త. ఇక్కడ జారేది పూసే. కింది పూస మీద పై పూస ముందుకు జరుగుతుంది.

నడుము నుంచి పిక్క మీదుగా పాదం దాకా లాగే నొప్పిని చరక సంహిత గృధ్రసి అంది. ఇప్పుడు మనం సయాటికా అంటున్నది దాదాపు అదే. అయితే లోపల ఎముకకు ఏమైందో చూసే వీలు అప్పుడు లేదు. 1782లో బెల్జియంలో హెర్బినో అనే కాన్పుల వైద్యుడు, నడుము కింద ఎముక ముందుకు పొడుచుకొచ్చి ప్రసవానికి అడ్డుపడటం గమనించి రాశాడు. 1854లో కిలియాన్ అనే జర్మన్ వైద్యుడు దీనికి స్పాండిలోలిస్థెసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాట అది. పూస, జారడం అనే రెండు మాటలు కలిపిందే.

1895లో ఎక్స్‌రే వచ్చాక బతికున్న మనిషి పూసను చూడటం సాధ్యమైంది. 1932లో అమెరికాలో మేయర్డింగ్ అనే డాక్టరు దీనికి కొలత పెట్టాడు. కింది పూస వెడల్పులో పావు వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం లోపు గ్రేడ్ 2, ముప్పావు లోపు గ్రేడ్ 3, అది దాటితే గ్రేడ్ 4. మన రిపోర్టుల్లో ఇప్పటికీ కనిపించేది ఆ లెక్కే.

పూస ఎందుకు జారుతుంది? ముఖ్యంగా రెండు కారణాలు. చిన్న వయసులో పూస వెనక భాగంలో సన్నని చోట చీలిక రావడం ఒకటి. యాభై దాటాక కీళ్లు అరిగి పట్టు సడలడం రెండోది. ఈ రెండోది ఆడవాళ్లలో ఎక్కువ.

అసలు ధైర్యమిచ్చే సంగతి 1950లలో మొదలైంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఊరిలో ఒకటో తరగతి పిల్లలు 500 మందికి ఎక్స్‌రేలు తీశారు. 22 మందికి, అంటే 4.4 శాతం మందికి, పూసలో చీలిక కనిపించింది. వాళ్లు పెద్దయ్యేసరికి ఆ సంఖ్య 30కి చేరింది. ఆ 30 మందినీ 45 ఏళ్ల దాకా గమనిస్తూ వచ్చి, 2003లో ఫలితం ప్రచురించారు. ఒకవైపే చీలిక ఉన్నవాళ్లలో పూస జారనే లేదు. జారినవాళ్లలో కూడా పదేళ్లు పదేళ్లు గడిచేకొద్దీ జారడం తగ్గుతూ వచ్చింది. నడుము నొప్పి, జీవితం విషయంలో వాళ్లకూ మామూలు జనానికీ పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఎక్స్‌రేలో కనిపించే జారుడూ, మనిషి పడే బాధా ఒకటే కాదన్నమాట.

క్రికెట్ చూసేవాళ్లకు డెన్నిస్ లిల్లీ తెలుసు. వెనక్కి వంగి నడుము తిప్పే ఫాస్ట్ బౌలర్లకు ఈ చీలిక ముప్పు ఎక్కువ. 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆయన వెన్నుపూసలు చీలాయి. ఆరు వారాలు నడుముకు పిండికట్టు, తర్వాత ఓపికగా వ్యాయామం. 1974-75లో ఇంగ్లాండ్ మీద 25 వికెట్లు తీశాడు. 1987లో మన చెన్నైలో ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌కు గురువై వచ్చింది కూడా ఆయనే. ఆయన ఊరు పెర్త్‌లోనే 1997లో ఒక అధ్యయనం వెలువడింది. పొట్ట లోపలి కండరాలకూ, వెన్నును ఆనుకుని ఉండే కండరాలకూ పది వారాలు ప్రత్యేక వ్యాయామం చేసిన ఇలాంటి రోగులకు నొప్పి తగ్గింది. ఆ మేలు 30 నెలల తర్వాత కూడా నిలిచింది.

ఇక పుత్తూరు కట్టు మాట. చెయ్యో కాలో విరిగితే మనవాళ్లు అక్కడికి వెళ్లడం తరాలుగా ఉంది. చెయ్యి ఎముకను వెదురు బద్దలతో కదలకుండా కట్టవచ్చు. నడుము లోతున, నరాల పక్కన ఉండే పూస సంగతి అలా కాదు. దాన్ని పైనుంచి నొక్కినా, తొక్కించినా వెనక్కి పోదు. అలా నొక్కితే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ అవసరమయ్యేది కొందరికే. నెలల తరబడి మందులు, వ్యాయామం చేసినా నాలుగడుగులు వేయలేకపోతేనో, కాలి బలం తగ్గుతుంటేనో ఆలోచించాలి. స్క్రూలు వేయాలంటే "ఒత్తిడి తీసేస్తే చాలదా?" అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్దవాళ్ల మీద స్వీడన్‌లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పూస జారినవాళ్లతో సహా, స్క్రూలతో బిగించడం వల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఆలస్యం చేయకూడని గుర్తులు ఇవి: మూత్రం ఆగిపోవడం, మూత్రం మీదో మలం మీదో అదుపు పోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఒకప్పుడు దేనికైనా బెంగళూరో, వేలూరో, సేలమో అనేవాళ్లం. 2022 జనవరి నుంచి కృష్ణగిరిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది.

మిగిలినవాళ్లం చేయాల్సింది సులభమే, ఓపిక కావాలంతే. నొప్పి ఎక్కువైతే ఒకటి రెండు రోజులు పడుకుందాం, వారాలు కాదు. రోజూ నడుద్దాం. వ్యాయామం ఫోన్‌లో చూసి కాకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుందాం. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుందాం. బీడీ, సిగరెట్ మానేద్దాం.

ఇంట్లో చదవలేని పెద్దవాళ్లకు దీన్ని చదివి వినిపించండి. పూస జారిందని ఉద్యోగం మానేయబోతున్న వాళ్లెవరైనా ఉంటే ముందు వాళ్లకు చెప్పండి.